లాగు బలమెంత?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో పారిశుద్ధ్యమును గురించియు, పన్నుల వసూలును గురించియు, గ్రామసభ నిర్వహణమును గురించియు పెద్దలు ఇదివరకే విపులముగా చెప్పియున్నారు. నాకు అప్పగింపబడిన విషయము వినుటకు చిన్నది. పంచాయతీ ట్రాక్టరు వెనుక ఎంత బరువు కట్టవచ్చును? ఇంతే ప్రశ్న. కాని ఈ చిన్న ప్రశ్నకు జవాబు సంపాదించుటకై నేనును, ఒక పంచాయతీ సభ్యులు నలుగురును మూడు దినములు తిరుగవలసివచ్చినది. ఆ తిరుగుడులో నేర్చుకొన్నది మీకు నివేదించుటయే నా ఉద్దేశము.

మన రైతు ఎద్దును ఎట్లు కొనునో మీకు చెప్పనక్కరలేదు. సంతలో పండ్లు చూచును, గిట్టలు చూచును, సుడులు చూచును. నడిపించి చూచును. కాడి కట్టి లాగించి చూడనిదే బయానా ఇయ్యడు. సంక్రాంతికి, ఉగాదికి, తిరునాళ్లకు బండలాగుడు పందెములు జరుగును గదా! అక్కడ బండ బరువెంతయో ముందే చాటుదురు. నియమిత కాలములో ఏ జత ఎన్ని అడుగులు లాగినదో కొలిచి చెప్పుదురు. అది ఊరందరి కన్నుల యెదుట తేలిన లెక్క. యజమాని ఎంత గొప్పలు పలికినను బండ కదలనిచో ఆ మాట చెల్లదు.

వేల రూపాయల ఎద్దు విషయములో ఇంత జాగ్రత్తపడు మనము, లక్షల రూపాయల ట్రాక్టరు విషయములో అమ్ముకొనువాని నోటిమాటను నమ్మి వచ్చుచున్నాము. అది మన స్వంత సొమ్ము కూడ కాదు, గ్రామ ప్రజల సొమ్ము.

ట్రాక్టరు ఇప్పుడు పంచాయతీకి క్రొత్త వస్తువు కాదు. తెలంగాణలో 2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూర్చబడినవి. ఆంధ్ర ప్రాంతమున ఆ ట్రాలీనే ట్రక్కు అందురు. పేరేదైనను పని ఒక్కటే. చెత్త తరలించుట, మొక్కలకు నీరు పోయుట, వేసవిలో ఎద్దడి గల వాడలకు త్రాగునీరు చేర్చుట దానివలననే జరుగుచున్నవి. మొదట కొన్న బండ్లు కొన్ని పాతబడినవి. కొన్ని పంచాయతీలు పెద్ద ట్యాంకరు కావలెనని తలచుచున్నవి. కనుక ఈ విషయమును ఇప్పుడే విచారించుట మంచిది.

ఇక మా అనుభవమును వినుడు. గుట్ట మీద ఒక వాడ గల గ్రామమది. క్రింద బోరు బావి యున్నది, పైన నలుబది ఇండ్లున్నవి. మూడు వేల లీటర్ల ట్యాంకరు చాలుట లేదనియు, ఐదు వేల లీటర్లది కొనవలెననియు పంచాయతీ తీర్మానించినది. అయితే ఉన్న ట్రాక్టరు దానిని లాగగలదా, లేక పెద్ద ట్రాక్టరు కొనవలెనా యని సందేహము కలిగినది. ఆ సర్పంచి గారు చదువుకొన్న గృహిణి, మొగమాటము లేని మనిషి. ఆమెయు, ముగ్గురు సభ్యులును బయలుదేరగా నేనును వెంట వెళ్లితిని.

మొదటి దుకాణములో మేమడిగిన ప్రశ్నకు, “అమ్మా, ఇది 50 హెచ్.పి. బండి, దీనికి తిరుగు లేదు” అని బదులు వచ్చినది. “హెచ్.పి. సరే నాయనా, ఎన్ని కిలోలు లాగును?” అని ఆమె మరల అడిగినారు. అతడు చేతిలోని రంగుల కాగితము చూచి, “1,800 కిలోలు” అనెను. ట్యాంకరులోని నీరే ఐదు వేల కిలోలు గదా యని ఆమె అనగా అతడు నవ్వి ఊరకుండెను. తరువాత విచారింపగా, అతడు చెప్పిన 1,800 కిలోలు వెనుకనున్న హైడ్రాలిక్ చేతులు పైకెత్తగల బరువట. ఎత్తుట వేరు, లాగుట వేరు. అమ్మువానికే ఆ భేదము తెలియదు.

రెండవ దుకాణములో, “ఎంతైనా లాగునండీ, పక్క ఊరిలో పది టన్నుల చెరకు వేసికొని పోవుచున్నారు” అనిరి. కాగితము మీద వ్రాసి ఇమ్మనగా, “అట్లు వ్రాసి ఇచ్చు ఆచారము లేదు” అనిరి. మూడవ దుకాణమువారు మా యెదుటనే కంపెనీకి ఫోను చేసిరి. ఆ అధికారి మరియొక అధికారిని అడుగుమనెను. ఆ రెండవ అధికారి, “మీ దగ్గరి డీలరును అడుగుడు” అని ముగించెను. మేము ఆ డీలరు ముందరనే కూర్చుండియుంటిమి!

ట్యాంకరు చేయు షెడ్డుకు వెళ్లితిమి. అక్కడ ఇనుము మందమెంత, రంగు ఎన్ని పూతలు అని అడిగినచో చెప్పిరి. బ్రేకులు ఉన్నవా యని అడుగగా, “ట్రాక్టరుకు ఉన్నవి గదా, దీనికెందుకు?” అనిరి.

మాతో వచ్చిన సభ్యులలో ఒక వృద్ధుడు యౌవనమున బండలాగుడు ఎడ్లను మేపినవాడు. తిరుగు ప్రయాణములో ఆయన, “ఎద్దుకైతే బండ పెట్టి చూతుము. దీనికి బండ పెట్టినవాడెవడు?” అని అడిగినాడు. ఆ ప్రశ్ననే పట్టుకొని నేను తరువాత కొంత చదివితిని, కొందరు ఇంజనీర్లను అడిగితిని.

మొదట లెక్కలను వేరుచేసి చూతము. ట్రాక్టరును గురించి నాలుగు వేరు వేరు అంకెలు కలవు. ఒకటి, ఇంజను అశ్వశక్తి. ప్రకటనలలో పెద్ద అక్షరములతో ఉండునది ఇదియే. అశ్వశక్తి యనగా బలమొక్కటే కాదు, బలమును వేగముతో హెచ్చించిన లెక్క. రెండు, పి.టి.ఓ. శక్తి. వెనుక తిరుగు ఇరుసు ద్వారా రోటవేటరు వంటి పనిముట్లకు అందు శక్తి యిది. మూడు, ఎత్తు బలము. మొదటి దుకాణమువాడు చెప్పినది ఇదియే. నాలుగు, డ్రాబారు లాగుడు బలము. ట్రాలీని తగిలించు కొక్కెము వద్ద ట్రాక్టరు నిజముగా ఎంత గట్టిగా లాగగలదో చెప్పునది ఇది యొక్కటే. మనకు కావలసినదియు ఇదియే, దుకాణములో దొరకనిదియు ఇదియే.

ఇక్కడ ఇంకొక పొరపాటు జరుగును. లాగుడు బలము 1,500 కిలోలు అన్నంత మాత్రమున 1,500 కిలోల బరువే లాగునని కాదు. చక్రముల మీది బరువు దొర్లును గనుక, మంచి తారు రోడ్డు మీద నూరు కిలోల బరువును కదిలించి నడుపుటకు సుమారు రెండు మూడు కిలోల బలము చాలును. వదులు మట్టిలో, బురదలో పది కిలోలు, అంతకు మించియు కావలసివచ్చును. ఎక్కుడు వచ్చినచో దాని లెక్క వేరుగా కలుపుకొనవలెను.

మా ఊరి ట్యాంకరునే తీసికొందము. లీటరు నీరు ఒక కిలో బరువు. ఐదు వేల లీటర్లు ఐదు వేల కిలోలు. ఖాళీ ట్యాంకరు బరువు 1,500 కిలోలనుకొన్నచో మొత్తము 6,500. ట్రాక్టరు బరువు సుమారు 2,000 కిలోలు. అనగా లాగుదానికంటె వెనుక వచ్చునది మూడు రెట్లు బరువైనది. గుట్ట దారి పది అడుగులకు ఒక అడుగు ఎత్తు లేచునదైనచో, ఆ ఎక్కుడు కొరకే 6,500లో పదవ వంతు, 650 కిలోల బలము ట్యాంకరుకు కావలెను. ట్రాక్టరు తన బరువును తాను మోసికొని ఎక్కుటకు మరి 200 కిలోల బలము కావలెను. ఇవిగాక దొర్లుటకు కావలసిన బలము వేరు. చిన్న గేరులో మంచి ట్రాక్టరు దీనిని లాగగలదు.

కాని సోదరులారా, ఎక్కిన బండి దిగవలెను గదా! పైనున్న తొట్టి నిండియుండి నీరు వంపుటకు వీలులేక, నిండు ట్యాంకరుతోనే మరలవలసిన దినములుండును. అప్పుడు ఆ 650 కిలోల బలము ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. మన ట్రాక్టర్లలో చాలవానికి బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే యుండును. ట్యాంకరుకు బ్రేకులు లేనిచో 8,500 కిలోల మొత్తమును ఆ రెండు చక్రములే ఆపవలెను. చక్రములు జారినచో ట్యాంకరు ప్రక్కకు తిరిగి ట్రాక్టరును పల్టీ కొట్టించును. కనుక ఎంత లాగగలదు అనునది సగము ప్రశ్న. ఎంత ఆపగలదు అనునది మిగిలిన సగము.

ఇది నేను ఊహించి చెప్పుచున్న మాట కాదు. అదే గ్రామములో ముందటి సంవత్సరము కంకర వేసికొని గుట్ట దిగుచున్న ట్రాలీ ట్రాక్టరును నెట్టుకొనిపోయినది. రాతి కట్ట అడ్డుపడుటచే ఆగినది. డ్రైవరు ఇరువది ఆరేండ్ల యువకుడు, పంచాయతీ పనివాడు. అతని కాలు విరిగినది. ఆ బండి మీద ఎంత బరువున్నదని విచారణలో అడిగినప్పుడు చెప్పగలవారు ఒక్కరును లేకపోయిరి. ఎంతవరకు వేయవచ్చునని ఎవరును ఏనాడును అతనికి చెప్పియుండలేదు. సర్పంచి గారు మూడు దుకాణములు పట్టువిడువక తిరుగుటకు కారణమదియే.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. నూరు సంవత్సరములకు పూర్వము అమెరికాలో ట్రాక్టర్లు క్రొత్తగా వచ్చుచున్న దినములలో అక్కడి రైతులు ఇట్లే అవస్థపడిరి. నెబ్రాస్కా రాష్ట్రములో విల్మాట్ క్రోజియర్ అను రైతు ప్రకటనలు చూచి ట్రాక్టర్లు కొని మోసపోయెను. చెప్పిన శక్తి ఒకటి, పొలములో కనబడినది వేరొకటి. ఆయన శాసనసభ్యుడు కూడ. ఆయన పూనికతో 1919లో అక్కడ ఒక చట్టము చేయబడినది. ఏ కంపెనీ యైనను తన ట్రాక్టరును ఆ రాష్ట్రములో అమ్మదలచినచో ముందుగా విశ్వవిద్యాలయములో పరీక్ష చేయించుకొనవలెను, చెప్పిన శక్తి యున్నదని తేలవలెను. లింకన్ నగరములోని విశ్వవిద్యాలయములో 1920లో పరీక్షలు మొదలైనవి. బలమును కొలుచు సాధనము గల బండిని ట్రాక్టరు వెనుక తగిలించి లాగించి, వచ్చిన అంకెలను బహిరంగముగా ప్రకటించిరి. మన బండలాగుడు పందెమునకును దీనికిని భేదమేమున్నది? ఆ పరీక్షాశాల నేటికిని పనిచేయుచున్నది.

ఆ కాలపు ట్రాక్టర్ల పేర్లలో 12–25 వంటి రెండు అంకెలుండెడివి. మొదటిది డ్రాబారు వద్ద శక్తి, రెండవది పట్టీ చక్రము వద్ద శక్తి. లాగు శక్తిని పేరులోనే చెప్పవలసిన ఆచారమది. నేడు ఆ మొదటి అంకె ప్రకటనలలో వెదకినను కానరాదు.

అదే దేశములో బరువులు లాగుటకు వాడు పికప్ ట్రక్కుల విషయము ఇంకను ఆలస్యమైనది. ప్రతి కంపెనీయు తనకు తోచిన పద్ధతిలో కొలిచి, మా ట్రక్కు ఇంత లాగునని ప్రకటించెడిది. ఒకదానితో నొకటి పోల్చుటకు వీలులేక కొనువారు విసిగిరి. 2008లో అక్కడి వాహన ఇంజనీర్ల సంఘము జె 2807 అను ఉమ్మడి కొలతను ఏర్పరచినది. దాని ప్రకారము ట్రక్కు తన వెనుక బరువుతో ఆరిజోనాలోని ఒక పొడవైన కనుమను నిర్ణీత వేగము తగ్గకుండ ఎక్కవలెను, బ్రేకుల పరీక్షకును నిలువవలెను. ట్రాక్టరు చట్టము వచ్చిన ఎనుబది తొమ్మిది సంవత్సరములకు ట్రక్కుకు ఉమ్మడి కొలత వచ్చినదన్నమాట. 

మన దేశములో పరీక్ష లేదని నిరుత్సాహపడనక్కరలేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ యున్నది. అక్కడ ట్రాక్టర్లను భారత ప్రమాణముల ప్రకారము పరీక్షించి నివేదికలు వెలువరించుచున్నారు. ఆ నివేదికలో పి.టి.ఓ. శక్తి, ఎత్తు బలము, డ్రాబారు లాగుడు బలము, బ్రేకుల పరీక్షా ఫలితము వేరు వేరుగా చూపబడును. మనకు దగ్గరలో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంతపు శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. అనగా ఆ వృద్ధ సభ్యుడు అడిగిన బండను పెట్టినవారు ఉన్నారు. ఆ లెక్క మాత్రము దుకాణపు బల్ల మీదికి రాలేదు. దానిని రప్పించవలసినవారము మనము.

ఇక చట్టమును గురించి ఒక మాట. ట్రాలీకి, ట్యాంకరుకు ట్రాక్టరుతో సంబంధము లేకుండ వేరుగా రిజిస్ట్రేషను ఉండవలెను. అనుమతించిన బరువును మించి వేసినచో, 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 194వ సెక్షను 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నుకు 2,000 రూపాయల అదనపు జరిమానాయు నిర్దేశించుచున్నది. అధిక బరువును దింపించు ఖర్చు కూడ మనదే. కాని జరిమానాకు వెరచి కాక, మనిషి ప్రాణమునకు వెరచి జాగ్రత్తపడుట మన ధర్మము.

కొనుటకు ముందు పంచాయతీవారు ఈ ఐదు ప్రశ్నలను కాగితము మీద వ్రాసి, జవాబులను సంతకముతో తీసికొనవలెనని నా మనవి.

1. ఈ నమూనా ట్రాక్టరు పరీక్షా నివేదిక ఏది? అందులో డ్రాబారు లాగుడు బలమెంత?

2. ట్రాక్టరు వెనుక తగిలించు బండి, అందలి సరుకు కలిపి ఎంత బరువు వరకు కంపెనీ అంగీకరించుచున్నది? బండికి బ్రేకులున్నచో ఎంత, లేనిచో ఎంత?

3. ఖాళీ ట్యాంకరు లేక ట్రాలీ బరువెంత? నిండినచో ఎంత? దానికి బ్రేకులున్నవా?

4. ట్యాంకరు లోపల అడ్డు పలకలున్నవా? అవి లేనిచో సగము నిండిన ట్యాంకరులో నీరు ముందునకు వెనుకకు కొట్టుకొని బండిని ఊపును.

5. కొక్కెము ఏ ఎత్తున ఉండవలెను? నిర్ణయించిన చోటికంటె పైన కట్టినచో ఎక్కుడులో ముందు చక్రములు లేచి, ట్రాక్టరు వెనుకకు తిరగబడును.

వ్రాసి ఇయ్యనివానివద్ద కొనకుడు. ఒక్క పంచాయతీ అడిగినచో వింతగా చూతురు. మండలములోని పంచాయతీలన్నియు అడిగినచో ఆ కాగితము దానంతట అదే దుకాణములోనికి వచ్చును.

ఇప్పటికే ట్రాక్టరు ఉన్నవారు చేయదగినదియు కలదు. కంపెనీ ఇచ్చిన పుస్తకమును తీసి, ఆంగ్లము తెలిసినవారిచేత ఆ పుటను చదివించుడు. ఊరి ట్రాలీని, ట్యాంకరును ఒకసారి వే బ్రిడ్జి మీద ఖాళీగాను, నిండుగాను తూయించుడు. వచ్చిన అంకెను డ్రైవరు చూచుచోట తెలుగులో వ్రాయించుడు. రోడ్డు మీదికి వచ్చునపుడు కుడి ఎడమ బ్రేకు పెడళ్లను జతచేయు కొక్కెమును వేయుటయు, దిగుడులో న్యూట్రలు చేయక, ఎక్కిన చిన్న గేరులోనే దిగుటయు తప్పనిసరి యని డ్రైవరుకు చెప్పుడు.

చివరకు ఆ గ్రామమున ఏమైనదో చెప్పి ముగించెదను. మూడవ దినమున ఒక దుకాణపు మరమ్మతు షెడ్డులో మెకానిక్కు ఒకాయన అలమార వెనుకనుండి ఆ ట్రాక్టరు పుస్తకమును వెదకి తెచ్చి, దుమ్ము దులిపి మా ముందుంచెను. మాకు కావలసిన పట్టిక అందులో ఉన్నది. బ్రేకులు లేని బండికి కంపెనీ ఒప్పుకొన్న బరువు మేము తలపెట్టినదానికంటె చాల తక్కువ. సర్పంచి గారు ఐదు వేల లీటర్ల ఆలోచనను మానివేసిరి. ఉన్న మూడు వేల లీటర్ల ట్యాంకరుకు బ్రేకులు, అడ్డు పలకలు వేయించి, దినమునకు ఒక తడవ అదనముగా నీరు పంపుటకు తీర్మానించిరి. డీజిలు ఖర్చు కొంత హెచ్చినది. గ్రామసభలో ఒకరిద్దరు ఆక్షేపించిరి. ఆమె బదులు చెప్పకముందే, కాలు నయమై మరల పనిలో చేరిన ఆ డ్రైవరు లేచి, “ఆ గుట్ట దిగువాడను నేనండీ” అనెను. అంతటితో ఆక్షేపణ ముగిసినది.

మీ ఊరి ట్రాక్టరును నడుపువాడును మీ ఊరి బిడ్డయే. అతని వెనుక ఎంత బరువు వచ్చుచున్నదో తెలిసికొనుట మన బాధ్యత. అడుగుటకు సంకోచింపకుడు, వ్రాయించుకొనుట మరువకుడు.